కార్తీక పౌర్ణమి తరువాత నలభై రోజులు: బ్యాంకాక్ నుంచి బాలి దాకా ఇద్దరు అక్కచెల్లెళ్ళం ఎలా వెళ్ళాలి?

బరంపురం టీచరమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. ముప్పై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి నిరుడు పదవీ విరమణ చేశాను. చెల్లెలు గుణుపురంలో ఉంటుంది. దానికి యాభై నాలుగు, నాకు అరవై నిండాయి. ఇద్దరికీ పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. ఈ ఏడాది, అంటే 2026లో, కార్తీక పౌర్ణమి నవంబరు 24న. తెల్లవారుజామున చెరువులో అరటిడొప్ప పడవ వదిలి, ఇంట్లో దీపాలు పెట్టుకున్నాక 26న బయలుదేరి, సంక్రాంతి పనులు మొదలుకాకముందే జనవరి 4కల్లా ఇల్లు చేరాలని మా ఆలోచన.

మా తాతగారు గోపాల్‌పూర్ రేవులో ఆవిరి ఓడ ఎక్కి రంగం వెళ్ళినవారు. ఇక్కడి పాతతరానికి బర్మా అంటే రంగమే. అక్కడ బియ్యం మిల్లులో పని చేశారు. 1942లో జపాను సేనలు బర్మా మీదికి రావడంతో ప్రోము ఊరి మీదుగా అరకాను కొండలు దాటి చిట్టగాంగు దాకా నడిచి వచ్చేశారు. సామానంతా దారిలో వదిలేశారట. ఒక్క తమలపాకుల పెట్టెను మాత్రం వదల్లేదు. సన్నని వెదురు పేళ్ళతో గుండ్రంగా అల్లి, నల్లని పూత పూసి, పైన ఎర్రని లతలు చెక్కిన పెట్టె అది. మూత తీస్తే లోపల ఒకదానిమీద ఒకటి రెండు పళ్ళేలు. అడుగు పళ్ళెం అంచున పూత లేచిపోయి వెదురు కనిపిస్తుంది. ఎనభై ఏళ్ళు దాటినా మూత తీయగానే వక్క వాసన వస్తుంది. చిన్నప్పుడు నేనూ చెల్లెలూ ఆ పెట్టె ముందు పెట్టుకుని అడిగితే తాతగారు ఓడ గురించి ఎంతసేపైనా చెప్పేవారు. నడక గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

రంగమే చూడాలని మొదట అనుకున్నాను. 2021 నుంచి ఆ దేశంలో సాగుతున్న యుద్ధం చూసి ఆ కోరిక పక్కన పెట్టాను. ఆ సముద్రం అవతలి ఒడ్డునైనా నిలబడి ఇటువైపు చూడాలని ఉంది. నా పట్టిక ఇది: బ్యాంకాక్, కో సముయ్ ద్వీపం, ఫుకెట్, పినాంగ్, కౌలాలంపూర్, సింగపూరు, బాలి, వీలైతే హనోయ్.

మేమిద్దరం శాకాహారులం. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టం. చెల్లెలికి మోకాళ్ళ నొప్పి. ఒకసారి ఒక యాత్రా బృందంతో వెళ్ళి, ఆరు రోజుల్లో పదకొండు ఊళ్ళు బస్సు కిటికీలోంచి చూసి తిరిగొచ్చాం. మళ్ళీ అలా వెళ్ళను. తలకు రెండు లక్షల దాకా పెట్టుకోగలం. ఎక్కడ ఎన్నాళ్ళు ఉండాలి, ఏ దారిన వెళ్ళాలి, మా తిండి సంగతేమిటి? అనుభవం ఉన్నవారు చెప్పండి.


వంశధార గట్టు (పర్లాకిమిడి)

టీచరమ్మగారూ, మీ పట్టికలోంచి మూడు పేర్లు కొట్టేయమని చెప్పడానికే కూర్చున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి. నేను రైల్వేలో టికెట్లు ఇచ్చే ఉద్యోగం చేసి దిగిపోయినవాడిని. మా ఆవిడా నేనూ 2016లో, 2019లో, 2024లో ఈ దారిన వెళ్ళి వచ్చాం.

ముందు గాలి సంగతి చూసుకోవాలి. ఊళ్ళ సంగతి ఆ తరువాతే. నవంబరులో ఈశాన్య గాలి థాయ్‌లాండ్ సింధుశాఖ మీదుగా వచ్చి, నీటిని మోసుకుని తూర్పు ఒడ్డున కురుస్తుంది. సముయ్ ఉన్నది ఆ ఒడ్డునే. అక్కడ ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడే నెల నవంబరు. నడుమ కొండల వరుస అడ్డం ఉండటంతో పడమటి ఒడ్డు, అంటే మన అండమాన్ సముద్రం వైపు, అదే సమయానికి తెరిపిస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా ఈ లెక్క తిరగబడుతుంది. మలేషియా తూర్పు తీరంలోని పెర్హెంటియన్, తియోమాన్ ద్వీపాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా బసలు మూసేస్తారు. బాలిలోనూ నవంబరు నుంచి మార్చి దాకా వానలే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మీ గోపాల్‌పూర్ దగ్గరే కదా, గాలిని లెక్కచేయకపోతే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకని సముయ్, బాలి ఈసారికి వద్దు. హనోయ్ దారికి దూరం, అదీ వద్దు. మిగిలినవన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. ఫుకెట్ ద్వీపానికి తప్ప ఆ గీత పొడవునా రైలు ఉంది.

రెండో సంగతి చెప్పడానికి కొంచెం జంకుతున్నాను. పౌర్ణమి అయ్యాక కాదు, పౌర్ణమికి ముందే బయలుదేరండి. థాయ్‌లాండ్‌లో లోయ్ క్రథోంగ్ పండుగ మన కార్తీక పౌర్ణమి వెన్నెలలోనే వస్తుంది. 2019లో మేము సుఖోథాయ్‌లో ఉన్నాం. సాయంత్రం మా బస యజమానురాలు అరటిబోదెను అరచెయ్యంత మందాన అడ్డంగా కోసి మా ముందు పెట్టింది. అరటాకును వేలెడు ముక్కలుగా చించి, ఒక్కో ముక్కను త్రికోణంగా మడిచి, బోదె చుట్టూ గుండుసూదులతో గుచ్చుతూ పోయింది. నడుమ బంతిపూలు, ఒక కొవ్వొత్తి, మూడు అగరువత్తులు, ఒక నాణెం. మా ఆవిడ ఆమె చేతిలోంచి ఆకు తీసుకుని తనే మడవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. శిథిలమైన గుడుల మధ్య చెరువులో వందల దీపాలు వదులుతుంటే, ఇంటిదగ్గర లేమన్న బెంగ మాకు కలగలేదు. మీ వ్రతం మీది, నేను కాదనను. కాని ఆ ఒక్కరోజు అక్కడ గడిపితే మీ తాతగారి పెట్టె ఎటువైపు నుంచి వచ్చిందో మీకు ఇంకొంచెం తెలుస్తుందని నాకు అనిపిస్తోంది.

దారి ఇలా వేసుకోండి. బరంపురం నుంచి హౌరా 600 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. కలకత్తా నుంచి బ్యాంకాక్ రెండున్నర గంటలు. నవంబరు 20కల్లా దిగితే అక్కడ మూడు రోజులు చాలు. నగరం పెద్దది, ఎండ, జనం. రాజభవనం పక్కన వాట్ ఫ్రా కేవ్ గుడి గోడలమీద 178 భాగాలుగా గీసిన రామాయణం మాత్రం వదలకండి, పొద్దున్నే వెళ్ళండి. తరువాత రైల్లో ఫిత్సనులోక్, అక్కడినుంచి బస్సులో గంటకు కొంచెం ఎక్కువ, సుఖోథాయ్. పండుగకు గదులు దొరకవు కాబట్టి అక్కడి బస ఇప్పుడే ఖాయం చేసుకోండి. చల్లగా ఉంటుంది కాబట్టి చియాంగ్ మాయ్‌లో ఓ వారం ఉండొచ్చు. దక్షిణానికి తొందరపడకండి. సరిహద్దు దగ్గరి హాట్ యాయ్‌కి 2010 నవంబరులో, మళ్ళీ 2025 నవంబరులో పెద్ద వరదలు వచ్చాయి. అది కూడా ఆ తూర్పుగాలి పనే. డిసెంబరు సగం దాటాక, వాతావరణ హెచ్చరికలు చూసుకుని ఆ ఊరు దాటండి.

ఫుకెట్‌కు బదులు త్రాంగ్ వెళ్ళమంటాను. బ్యాంకాక్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారి త్రాంగ్‌లో దిగుతారు. దాని తరువాతి చివరి స్టేషను కాంతాంగ్, చెక్కతో కట్టిన పాత స్టేషను. థాయ్‌లాండ్‌లో మొదటి రబ్బరు చెట్టు నాటింది ఆ ఊళ్ళోనే, 1899లో. రెండో తరగతి పడక బండిలో పడకలు నడవకు రెండు పక్కలా పొడవునా ఉంటాయి, ఒక్కోదానికి తెర ఉంటుంది. సాయంత్రం ఒకతను వచ్చి దుప్పట్లు పరిచి పడక వేసి వెళతాడు. కింది పడక వెడల్పు ఎక్కువ, ధరా కాస్త ఎక్కువ. మీ చెల్లెమ్మ మోకాళ్ళకు అదే కొనండి. చలి బాగా వేస్తుంది, శాలువాలు పైన ఉంచుకోండి.

త్రాంగ్ నుంచి పడవలో లిబోంగ్ ద్వీపం. చేపలు పట్టుకునే ముస్లిం పల్లెలు, రబ్బరు తోటలు, నిశ్శబ్దం. నీటిలో పెరిగే గడ్డిని మేసే సముద్రపు ఆవులకు ఆ ద్వీపం పేరుపొందింది. ఈమధ్య ఆ గడ్డి చాలావరకు చనిపోయి అవి తగ్గిపోయాయి. మేము నాలుగు రోజులున్నా ఒక్కటీ కనిపించలేదు. మన చిలికా సరస్సులో డాల్ఫిన్ కోసం పడవ మీద కూర్చుని కళ్ళు చిట్లించి చూస్తామే, అలాగే చూశాం. పాటు వచ్చాక కిలోమీటరు దూరం నీళ్ళు వెనక్కి పోతాయి. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని బురదలోకి నడుచుకుంటూ పోయి గవ్వచేపలు ఏరుకుంటారు. మీరు చూడాలనుకున్న అవతలి ఒడ్డు అదే. పడమటికి తిరిగి నిలబడితే ఎదురుగా అండమాన్ సముద్రం, దాని వెనక బంగాళాఖాతం, ఆ వెనక మన రేవులు.

సరిహద్దు పాడాంగ్ బెసార్. రెండు దేశాల ముద్రలూ ఒకే స్టేషనులో వేస్తారు, అక్కడే గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. అక్కడినుంచి బటర్‌వర్త్‌కు రైలు, అక్కడినుంచి పినాంగ్‌కు పెద్ద పడవ. విమానంలో వెళితే ఈ దాటడమే తెలియదు. మనం సరిహద్దు ఊళ్ళవాళ్ళం, ఒక మాట ఆగిపోయి ఇంకొక మాట మొదలయ్యే చోటు మనకు ఇష్టంగా ఉంటుంది.

పినాంగ్‌లోని జార్జ్ టౌన్‌లో వారం రోజులు ఉండండి. 1801 నాటి కపితాన్ కెలింగ్ మసీదు చూస్తారు. మలక్కాలో 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు ఉంది. ఈ క్లింగ్, కెలింగ్ అన్నది మన కళింగమే. మన తీరం నుంచి ఓడల్లో వచ్చినవారికి అక్కడివాళ్ళు పెట్టిన పేరు. బర్మాలో కోరంగి రేవు పేరుమీద తెలుగువారిని కోరంగీలు అన్నట్టే, ఇక్కడ దేశం పేరు మనిషికి అంటుకుంది. అయితే ఒక జాగ్రత్త. కాలక్రమంలో అది తిట్టుగా మారింది. ఇప్పుడు అక్కడి భారతీయులు ఆ మాట వింటే నొచ్చుకుంటారు. మసీదు పేరుగా తప్ప నోట రానివ్వకండి.

తరువాత పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్. ఏ యాత్రా పుస్తకం చూసినా దానికి రెండు ముక్కలే ఉంటాయి. తెలుక్ ఇంతాన్ దాకా బస్సు, అక్కడినుంచి అద్దె కారు. కొబ్బరితోటల ఊరు, ఆ తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ళ సంతతి ఉన్న ఊరు. విశాఖపట్నం, శ్రీకాకుళం, తూర్పు గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. 2024లో ఒక ఇంటి అరుగు మీద ఓ ముసలమ్మ కొబ్బరాకు ఈనెలు తీస్తూ కూర్చుంది. మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే కత్తి ఆపి, “ఎవరి తాలూకు?” అని అడిగింది. ఊరు అడగలేదు, పేరు అడగలేదు. ఎనభై ఏళ్ళకు పైబడిన మనిషి, పుట్టింది అక్కడే. అన్నం తినకుండా కదలనివ్వలేదు. పప్పులో చింతపండు మన పాళ్ళే. చింతపండు ఎక్కడిదని మా ఆవిడ అడిగితే, పెరట్లో చెట్టు చూపించింది. ఆ చెట్టును వాళ్ళమ్మ నాటిందట. మీరు తాతగారి కోసం బయలుదేరుతున్నారు కాబట్టి ఆ ఊరిని ఒక పూటతో సరిపెట్టకండి. కనీసం రెండు రోజులు.

కౌలాలంపూర్ రెండు రోజులు, మలక్కా నాలుగు, సింగపూరు రెండు. సింగపూరులో గది అద్దె మిమ్మల్ని భయపెడుతుంది, వీసా కూడా ముందే తీసుకోవాలి. అక్కడినుంచి విశాఖకు నేరుగా విమానం చాలా ఏళ్ళుగా నడుస్తోంది. విశాఖలో దిగితే మీకు బరంపురం రైలు ఎప్పుడూ ఉంటుంది. మీరు అనుకున్నట్టు జనవరి 4కల్లా ఇల్లు చేరతారు.

తిండి సంగతి. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్రగా ‘జే’ అని రాసి ఉన్న బండి దగ్గర ఆగండి. వాళ్ళ జే భోజనంలో మాంసం, చేప, గుడ్డు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన కార్తీక నియమం దాదాపు అదే. జెండా లేని చోట “మై సై నామ్ ప్లా” అనండి, చేపల రసం వెయ్యవద్దని అర్థం. అన్నిటిలోనూ వేసేది అదే. మలేషియాలో బెలాచాన్ అనే రొయ్యల ముద్దతో జాగ్రత్త, ఆకుకూర వేపుడులోనూ కలుపుతారు. పినాంగ్‌లో అరటాకు భోజనం దొరికాక మీకు ఆ బాధ ఉండదు.

2024లో మా ఇద్దరికీ 38 రోజులకు విమానాలతో కలిపి మూడు లక్షల పదివేలు అయింది. మీ డబ్బు సరిపోతుంది.


ఝోలా మడి (జయపురం, కోరాపుట్ జిల్లా)

మాస్టారు చెప్పిన దారి బాగుంది. బాలిని కొట్టేయడం మాత్రం నాకు బాధగా ఉంది. టీచరుగారూ, ఈసారి కాకపోయినా దాన్ని మరిచిపోవద్దు.

మా కోరాపుట్‌లో కొండవాగు పారే లోయను మెట్లు మెట్లుగా మళ్ళు చేసి వరి పండిస్తాం. వాటిని ఝోలా అంటాం. నేను వ్యవసాయశాఖలో పని చేస్తాను. మా పంటల పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. బాలిలోని సుబక్ నీటి పద్ధతిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఆ ఏడాదే. అది చదివి బాలిలో మెట్ల మళ్ళున్న జతిలువి ఊరికి వెళ్ళాను. అక్కడ నీళ్ళు పంచేది గుడి. ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో రైతులు గుడిలో కూర్చుని తేల్చుకుంటారు. గట్టుమీద నిలబడి, ఒక మడిలోంచి కింది మడిలోకి వెదురు గొట్టం గుండా జారే నీటి చప్పుడు వింటే అచ్చం మా ఊరే. ఇక్కడ మాకు మాత్రం పైమడివాడికీ కిందిమడివాడికీ ఏటా తగువే. అది చూసి నేను రెండు రోజులు అక్కడే ఉండిపోయాను.

ఈ ఏడాది ఉగాదీ, వాళ్ళ కొత్త సంవత్సరమైన న్యేపీ ఒకేరోజు వచ్చాయి, మార్చి 19. వాళ్ళదీ శక సంవత్సరమే. ఆ రోజు ద్వీపమంతా మౌనం. దీపం వెలిగించరు, వీధిలోకి రారు, విమానాశ్రయం కూడా ఇరవై నాలుగు గంటలు మూసేస్తారు. బసలో కిటికీకి తెర కట్టి మమ్మల్ని లోపలే ఉండమన్నారు. రాత్రి పెరట్లోకి వచ్చి తల ఎత్తితే, కోరాపుట్ కొండల మీద కూడా నేను అన్ని నక్షత్రాలు చూడలేదు.

వానల గురించి కూడా ఒక మాట. నేను మార్చిలో పదకొండు రోజులున్నాను. తొమ్మిది రోజులు వాన పడింది, ఎక్కువగా మధ్యాహ్నాలు. పొద్దుటిపూట అంతా తిరగగలిగాను. వాన పడితే ద్వీపం పాడైపోదు, మళ్ళు నిండుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి మాత్రం ఆ తడి మెట్లు ప్రమాదమే, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకని మే, జూన్‌లలో బాలి ఒక్కదానికే వెళ్ళండి.


ప్రాణహిత ఒడ్డు (శిరోంచ, గడ్చిరోలి జిల్లా)

మీ ఒడిశావైపు వాళ్ళ మధ్య మహారాష్ట్రవాడిని దూరుతున్నాను. దారి గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. పేరు గురించి చెప్పాలి, దయచేసి ఈరోజే మీ పాస్‌పోర్టులు తీసి చూడండి.

మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. మొత్తం పేరంతా రెండో గడిలోనే రాశారు. టికెట్టు కొన్నచోట ఆ పేరును రెండు ముక్కలు చేసి, మా ఇంటిపేరు ముందు చేర్చి ఇచ్చారు. నేను చూసుకోలేదు. శిరోంచ నుంచి బయలుదేరి, రాత్రంతా ప్రయాణించి హైదరాబాదు విమానాశ్రయం చేరాం. కౌంటరు దగ్గర రెండు పేర్లూ కలవడం లేదని ఆపేశారు. రెండున్నర గంటలు ఈ బల్ల దగ్గరినుంచి ఆ బల్ల దగ్గరికి తిప్పారు. విమానం వెళ్ళిపోయింది. అమ్మ కుర్చీలో కూర్చుని, “నా పేరు తప్పా నాయనా?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. మర్నాటికి కొత్త టికెట్టు కొన్నాం, ఇరవై రెండు వేలు పోయాయి.

మన తెలుగువాళ్ళం ఇంటిపేరును ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరంగా రాస్తాం. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి. యంత్రం చదివేది ఆ వరుసలనే. టికెట్టు మీద పేరు దానితో అక్షరం అక్షరం కలవాలి. కొన్ని దేశాలు ఒంటి పేరుతో ఉన్న పాస్‌పోర్టును రానివ్వవు కూడా. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో అలాంటి నిబంధన పెట్టింది, కాబట్టి గల్ఫులో విమానం మారే టికెట్టు కొనేముందు ఆలోచించండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకా సమయం ఉంది, మార్పించుకోండి. బయలుదేరేనాటికి ఆరు నెలలకు పైగా గడువు కూడా ఉండాలి.

థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి రాకకు ముందు ఆన్‌లైన్‌లో ఒక పత్రం నింపమంటోంది. మలేషియాకూ అలాంటిదే ఒకటి ఉంది. రెండూ దిగేరోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి, రెండూ ఉచితం. డబ్బు అడిగే పేజీ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. వీసా సంగతి: థాయ్‌లాండ్ 2024 జులైలో మనవాళ్ళకు 60 రోజులు ఇచ్చింది, మలేషియా 2023 డిసెంబరు నుంచి 30 రోజులు ఇస్తోంది. మలేషియా ప్రకటన 2026 డిసెంబరు 31 వరకే. మీరు ఆ లోపే ప్రవేశిస్తున్నారు కాబట్టి ఇబ్బంది ఉండకూడదు. అయినా ఇవి మారుతుంటాయి, టికెట్టు కొనే వారంలో ఆ దేశాల రాయబార కార్యాలయాల పేజీలు చూడండి.


బరంపురం టీచరమ్మ

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. శిరోంచ బాబూ, మీ జవాబు చదవగానే బీరువా తీశాను. నాది సరిగ్గానే ఉంది. చెల్లెలి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. రేపే మార్పుకు దరఖాస్తు పెడుతున్నాం. మీ అమ్మగారు అడిగిన మాట నన్ను వదలడం లేదు.

ఝోలా మడి అమ్మాయీ, బాలిని కొట్టేయలేదు, పై ఏడాది మే నెలకు జరిపాను. నీకు అభ్యంతరం లేకపోతే ముందుగా ఒకసారి జయపురం వచ్చి మీ ఝోలాలు చూస్తాం.  బరంపురంలో ఇన్నేళ్ళున్నా నేను కోరాపుట్ మళ్ళు చూడలేదు.

మాస్టారూ, పౌర్ణమి సంగతి మీద ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది. అత్తగారు బతికున్న రోజుల నుంచి ఆ పడవ నేనే వదులుతున్నాను, ఒక్క ఏడాదీ తప్పలేదు. చెల్లెలు చివరకు, “అక్కా, తాతగారు రంగంలో ఉన్న కార్తీకాల్లో పడవ ఎక్కడ వదిలి ఉంటారు?” అని అడిగింది. ఆ మాటతో వాదన ఆగిపోయింది. నవంబరు 19న హౌరా రైలెక్కుతున్నాం. సుఖోథాయ్‌లో నాలుగు రాత్రులకు గది ఖాయం చేశాను. ఇక్కడి చెరువులో పడవను మా కోడలు వదులుతుంది, డొప్ప కోయడం నేర్పుతున్నాను. ఫుకెట్ తీసేసి త్రాంగ్ రాసుకున్నాను. బగాన్ దాతుక్‌కు మూడు రోజులు ఇచ్చాను.

ఇంకొక్కటి అడగాలి. తాతగారి పెట్టెను వెంట తీసుకెళ్ళాలని ఉంది. లిబోంగ్ ఒడ్డున ఒకసారి నేలమీద పెట్టి మూత తీయాలని, అంతే. పాత వస్తువు కదా, విమానంలో ఆపుతారా? దారిలో పగిలితే నన్ను నేను క్షమించుకోలేను.


వంశధార గట్టు

తీసుకెళ్ళండి. పెద్ద సామానులో మాత్రం వెయ్యకండి, చేతి సంచిలో మీ ఒళ్ళోనే ఉండాలి. మూత, రెండు పళ్ళేలు విడదీసి, ఒక్కోదాన్ని మెత్తని నూలు చీర ముక్కలో చుట్టి, మళ్ళీ ఒకదాంట్లో ఒకటి పెట్టండి. లోపల వక్క గాని ఆకు గాని ఒక్క ముక్క కూడా మిగలకుండా తుడవండి, గింజలూ ఆకులూ సరిహద్దుల్లో పట్టుకుంటారు. ఇంటి వస్తువు పాతదైనప్పుడు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడ కొన్నారని అడగొచ్చు. కాబట్టి బయలుదేరే ముందే పెట్టెను నాలుగు వైపులా ఫొటోలు తీయించుకోండి, ఆ రోజు దినపత్రిక పక్కన పెట్టి ఒకటి. విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి, తీసుకెళుతున్నట్టు కాగితం రాయించుకుంటే ఇంకా మంచిది. పూత లేచిన అంచుకు నూనె రాయకండి, ఎండ తగలనివ్వకండి.

లిబోంగ్‌లో పొద్దున పాటు ఉన్న వేళ చూసుకుని వెళ్ళండి. ఆ పూట ఇసుక గట్టిగా ఉంటుంది, చెల్లెమ్మ కూడా నడవగలదు.